చేతితో తిప్పే అత్యవసర రేడియో: కొవ్వాడ తీరాన ఉన్న ఇంటికి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి దగ్గరలోని ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో, రెండు వేల రూపాయల లోపు ధరకు, పిడి తిప్పి ఛార్జింగ్ చేసుకునే రేడియో ఒకటి కొన్నాను. మాది రణస్థలం మండలంలో తీరానికి దగ్గరగా ఉన్న ఊరు. కొవ్వాడలో 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లతో అణువిద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా ఉంది. నిర్మాణం ఇంకా మొదలుకాలేదు. అయినా అటువంటి కేంద్రంలో ప్రమాదం సంభవిస్తే అధికారులు ఇచ్చే సూచన కరెంటు లేని ఇంట్లోకి కూడా చేరుతుందా అన్న ఒక్క ప్రశ్నతోనే ఈ రేడియోను పరీక్షించాను.

వస్తువు గట్టిదే. మీడియం వేవ్, ఎఫ్ఎం, షార్ట్ వేవ్ మూడూ పలుకుతాయి. పైన చిన్న సోలార్ పలక, ముందు టార్చి, వెనుక మడిచిపెట్టే పిడి ఉన్నాయి. రేడియో లోపలి సెల్ (బ్యాటరీ) పూర్తిగా దిగిపోయినప్పుడు కొద్ది నిమిషాలు పిడి తిప్పితే ఒక వార్తా ప్రసారం సాంతం వినడానికి సరిపడే శక్తి వస్తోంది. దీనితో ఫోను ఛార్జ్ చేసుకోవచ్చని పెట్టె మీద రాసిన మాటను మాత్రం నమ్ముకోవద్దు. చేయి నొప్పి పుట్టేదాకా తిప్పినా ఒక చిన్న కాల్‌కు మించి రాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు, సెల్ టవర్లు ఏ స్థితికి చేరాయో ఈ జిల్లాలో చూసినవారికి రేడియో విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు ప్రభుత్వం ఫోన్లకు నేరుగా పంపుతున్న హెచ్చరిక సందేశాలు మంచి ఏర్పాటే గాని, వాటికీ టవరు నిలిచి ఉండాలి.

అసలు ఇబ్బంది వాడుకలో ఉంది. స్టేషన్ మార్చే చక్రం చాలా బిగువు, అంకెలు చిన్నవి, వాడే విధానం చెప్పే కాగితంలో తెలుగు ముక్క ఒక్కటీ లేదు. డెబ్బై దాటిన మా అమ్మకు ముల్లు ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఆకాశవాణి పలికే చోట గాజు మీద ఎర్రటి గోళ్ళరంగుతో గీత గీశాను. "ఈ గీత కాడ ఆపితే సాలు కదా నాయనా" అని అడిగి, అప్పటినుంచి తానే పెట్టుకుంటోంది. అత్యవసర వస్తువుగా అమ్మే దానిలో ఈపాటి గుర్తు తయారీదారే పెట్టి ఉండవలసింది.

రేడియో ఎంత మంచిదైనా, అందులో ఎవరు, ఎప్పుడు, ఏమి చెబుతారన్నదే ముఖ్యం. మన దేశంలో అణు కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల పరిధిని అత్యవసర ప్రణాళిక ప్రాంతంగా లెక్కిస్తారు. ఆవరణ లోపలి పరిస్థితిని అదుపు చేయడం, దానిని అంచనా వేసి వెంటనే బయటి యంత్రాంగానికి తెలియజేయడం కేంద్రాన్ని నడిపే సంస్థ బాధ్యత. ప్రభావం ఆవరణ దాటేలా ఉంటే ప్రజలకు సూచనలిచ్చి వారిని కాపాడవలసిన బాధ్యత కలెక్టరు నాయకత్వంలోని జిల్లా యంత్రాంగానిది. ఈ రెండు చేతుల మధ్య జరిగే ఆలస్యమే ప్రమాదకరం. అందుకే అమెరికాలో అత్యవసర స్థితి ప్రకటించిన 15 నిమిషాలలోగా రాష్ట్ర, స్థానిక అధికారులకు కేంద్రం తెలియజేసి తీరాలన్న నిబంధన ఉంది.

2011లో జపానులోని ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం సంభవించినప్పుడు జరిగినది మన తీరగ్రామాలవారు తప్పక తెలుసుకోవాలి. రేడియోధార్మికత, అంటే హాని చేసే అణుధూళి, గాలిలో ఎటు వ్యాపిస్తుందో లెక్కగట్టే వ్యవస్థ జపాను ప్రభుత్వం దగ్గర ఉన్నా, ఆ అంచనాలు కేంద్రానికి దగ్గరలోని నమియె పట్టణ అధికారులకు అందలేదు. క్షేమమనుకొని త్సుషిమా ప్రాంతానికి తరలిన ప్రజలు, రేడియోధార్మికత ఎక్కువగా వ్యాపించిన దిక్కులోనే కొన్ని రోజులు తలదాచుకున్నారు. సమాచారం ఉండి కూడా అందవలసినవారికి అందకపోవడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతుంది.

పైగా మనకు అలవాటైన హెచ్చరిక తుపానుది. అది రోజుల ముందే వస్తుంది, ఇల్లు విడిచి పునరావాస కేంద్రానికి వెళ్ళమంటుంది. అణు ప్రమాదంలో మొదటి సూచన చాలాసార్లు దీనికి పూర్తిగా భిన్నంగా, ఇంట్లోకి వెళ్ళి తలుపులు, కిటికీలు మూసుకొని తదుపరి ప్రకటన వినమని ఉంటుంది. వాసన, రంగు లేని ముప్పు కనుక మనిషి తన కళ్ళతో చూసి నిర్ణయించుకోలేడు. థైరాయిడ్ గ్రంథిని రేడియోధార్మికత నుంచి కాపాడే అయోడిన్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏ నీరు తాగకూడదో, ఎవరు ఊరు విడవాలో ప్రకటనే చెప్పాలి. అందులో దిక్కులు, కిలోమీటర్లు చెబితే చాలదు, ఊళ్ళ పేర్లు చెప్పాలి. వేటకు వెళ్ళిన మత్స్యకారులను కూడా పేర్కొనాలి. మా బావ ఈ రేడియోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడవ మీద తీసుకెళ్ళాడు. ఒడ్డు కనుమరుగయ్యాక కూడా మాట స్పష్టంగానే వినిపించిందన్నాడు. కాని దీనికి నీటి నుంచి రక్షణ లేదు, సంచి తీస్తే ఉప్పునీటి తుంపరకు నిలవదు.

ఇందులో ఒక సైరన్ మీట కూడా ఉంది. పిల్లలు దానిని ఆటగా నొక్కుతున్నారని దాని మీద టేపు అంటించాను. అణు కేంద్రం చుట్టుపక్కల ప్రజలను హెచ్చరించే సైరన్ అధికారుల చేతిలోనే ఉండాలి. ఇంటింటా ఒకటి మోగితే అసలైనది మోగిన రోజున ఎవరూ లేవరు.

తీరం వెంబడి ఉన్నవారికి, ముఖ్యంగా పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళకు దీనిని కొనమనే చెబుతాను. కొనేటప్పుడు లోపలి సెల్ విడిగా దొరుకుతుందో లేదో దుకాణంలోనే అడగండి, కొన్ని రకాలలో అది మార్చడానికి వీలుండదు. నెలకొకసారి పిడి తిప్పి, స్టేషన్ పలుకుతోందో లేదో ఇంట్లోని పెద్దవారి చేతనే పెట్టించి చూడండి.