శెనక్కాయ జీన్ డేటాకి ఎఫ్ఎఫ్‌టీ మంచిదా, లాంబ్-స్కార్గిల్ మంచిదా?

మన అనంతపురంలో శెనక్కాయ మీద రీసెర్చ్ చేసే పిల్లోళ్ల కోసం రాస్తాండా. ఆకులో ఏ జీన్స్ పగలు రాత్రిని బట్టి పెరిగి తగ్గుతాయో చూడాలని 4 గంటలకొకసారి ఆకు కోసి 48 గంటలు శాంపిల్స్ తీసినారనుకోండి, ఆ ఆర్ఎన్ఏ లెక్కల్ని (ఏ జీన్ ఎంత పని చేస్తాందో చెప్పే అంకెల్ని) సిగ్నల్ మాదిరి చూడొచ్చు. ఆ సిగ్నల్‌లో ఎన్ని గంటలకొకసారి లయ తిరిగి వస్తాందో పట్టే లెక్క పద్ధతులే ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్), లాంబ్-స్కార్గిల్.

ఎఫ్ఎఫ్‌టీ చానా ఫాస్ట్, ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా ఉంటాది. 1998లో ఈస్ట్ (పిండి పులియబెట్టే సూక్ష్మజీవి) కణ విభజన స్టడీలో దాదాపు 800 జీన్స్‌ని ఫోరియర్ లెక్క సాయంతోనే పట్టినారు. కానీ టైమ్ గ్యాప్‌లు సమానంగా ఉండాల, చేన్లో ఎండకి ఒక శాంపిల్ పాడైందంటే ఆ ఖాళీని మనమే అంచనా వేసి నింపాల, అది నాకు అస్సలు నచ్చదు. పైగా 48 గంటల డేటాలో అది చూసే పీరియడ్లు (లయ ఒక చుట్టు తిరిగే టైమ్) 48, 24, 16, 12 గంటలు అట్ల పోతాయి, 20 గంటల లయ ఉంటే పక్క పక్క వాటిల్లోకి చెదిరిపోతాది.

లాంబ్-స్కార్గిల్ ఖగోళ శాస్త్రం నుంచి వచ్చింది, లాంబ్ పేపర్ 1976, స్కార్గిల్‌ది 1982. శాంపిల్ పోయినా ఉన్నవాటితోనే లెక్క కడతాది, 20 గంటల పీరియడ్‌ని కూడా నేరుగా అడగొచ్చు. స్లో అంటారు గానీ ఇంత చిన్న డేటాకి అదేం లెక్కలోది కాదు.

చేన్లో తీసిన శాంపిల్స్‌కి నా ఓటు దీనికే. గ్రోత్ ఛాంబర్‌లో ఒక్కటీ పోకుండా తీసింటే ఎఫ్ఎఫ్‌టీ చాలు. ఏది వాడినా 8 గంటల కంటే చిన్న లయని నమ్మొద్దండి, 4 గంటలకొకసారి తీస్తే ఒక చుట్టుకి రెండు శాంపిల్స్ కూడా రావు; వేల జీన్స్ టెస్ట్ చేస్తారు కాబట్టి ఎఫ్‌డీఆర్ కరెక్షన్ (ఊరికే లయ ఉన్నట్టు కనపడే తప్పుడు జీన్స్‌ని తగ్గించే లెక్క) తప్పనిసరి.