ఎనిమిదేళ్ల వాడకం తర్వాత: మా కౌంటీ మీడియన్ ఆదాయం, దాని పక్కనున్న ప్లస్-మైనస్

మా ఆయనకి నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో ఇక్కడికొచ్చాం. ఎటు చూసినా మొక్కజొన్నే. నేను చేరింది రెండు మూడు కౌంటీలకి కలిపి గ్రాంట్ అప్లికేషన్లు రాసిపెట్టే ఆఫీసులో. ఊళ్లో నీళ్ల పైపులు మార్చాలన్నా ముందు అడిగేది ఒకటే: మీ దగ్గర మీడియన్ హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్ (ఇళ్లన్నిటినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యనున్న ఇంటి ఆదాయం) ఎంత? అలా ఎనిమిదేళ్లుగా అమెరికన్ కమ్యూనిటీ సర్వే (ఇక్కడి సెన్సస్ వాళ్లు ఏటా చేసే సర్వే) ఐదేళ్ల జవాబులు కలిపి ఇచ్చే అంచనాలతో కాపురం చేస్తున్నాను. 65 వేల జనాభా దాటిన చోట్లకే ఏడాది అంకెలు ఇస్తారు. మా కౌంటీ దాని దరిదాపుల్లో కూడా లేదు కాబట్టి వేరే దారి లేదు.

డౌన్‌లోడ్ ఎలాగో, టేబుల్ ఎక్కడుందో అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఈ మీడియన్ ఆదాయం ఉండే బి19013 టేబుల్‌లో అంకె పక్కన ఉండే ప్లస్-మైనస్ కాలమ్ గురించి, అంటే అసలు విలువ ఆ అంకెకి ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే కాలమ్. మొదట్లో ఎక్సెల్‌లో తెరవగానే దాన్ని హైడ్ చేసేదాన్ని. ఇప్పుడు అసలు అంకె కన్నా ముందు దాన్నే చూస్తాను.

2018తో ముగిసే ఐదేళ్ల అంకె వచ్చినప్పుడు, దాన్ని అంతకుముందు ఏడాది అంకె పక్కన పెట్టి గీత గీశాను. ఒకటి 2017 డాలర్లలో, ఇంకోటి 2018 డాలర్లలో ఉంటాయని తెలుసు, ధరలు పెరగడం వల్ల వచ్చే ఆ తేడా కూడా సరిచేశాను. అందుకే ధీమా ఎక్కువైంది. గీత కిందికి దిగింది. ‘2018లో కుటుంబాల ఆదాయం పడిపోయింది’ అని పెద్ద అక్షరాలతో స్లైడ్ పెట్టి కౌంటీ బోర్డు ముందు నిలబడ్డాను. కమిషనర్లలో ఒక పెద్దాయన మొక్కజొన్న రైతు. కళ్లద్దాలు తీసి, "2018లో ఎవరికి తగ్గింది? స్కూల్లో జీతాలు పెంచారు, ఆసుపత్రిలో పెంచారు. దెబ్బ తిన్నది మేము. అదీ ఎప్పుడో తిన్నాం" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మిగతా స్లైడ్లు గబగబా తిప్పేసి కూర్చున్నాను.

ఆ రాత్రి భోజనం కూడా సరిగ్గా చెయ్యకుండా కాగితం మీద రాసుకుంటే అర్థమైంది. మొదటి అంకె 2013 నుంచి 2017 దాకా, రెండోది 2014 నుంచి 2018 దాకా. నాలుగేళ్లు రెండింట్లోనూ ఉన్నవే. జరిగిందల్లా 2013 బయటికి పోయి 2018 లోపలికి రావడం. మరి 2013 ఎలాంటి ఏడాది? 2012 ఆగస్టులో మొక్కజొన్న బుషెల్ 8 డాలర్లు దాటింది, 2014 కోతలకల్లా 4 డాలర్ల కిందికి పడిపోయింది. రైతుల చేతిలో డబ్బు ఆడిన ఆఖరి ఏడాది 2013. ఐదేళ్ల చింతపండు కలిపి పెట్టిన పులుసు ఇది. పులుపు తగ్గితే కొత్త చింతపండు చప్పగా ఉందనుకున్నాను, పాతది అయిపోయిందని తట్టలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఐదేళ్లని పోల్చొద్దని సర్వే వాళ్ల సూచనల్లో స్పష్టంగానే రాసుంది. చదవనిది నేనే.

అప్పుడు తెరిచాను హైడ్ చేసిన కాలమ్. అంకెల మధ్య తేడా కన్నా ప్లస్-మైనసే పెద్దది! మాట వరసకి రెండు విడివిడి ఐదేళ్లకి ప్లస్-మైనస్ 6 వేలు, 8 వేలు ఉన్నాయనుకోండి. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 10 వేలు. తేడా 10 వేలు దాటకపోతే ‘పెరిగింది’ అనీ అనకూడదు, ‘తగ్గింది’ అనీ అనకూడదు. అదీ 90 శాతం నమ్మకంతోనే. ఇంత నిజాయితీగా తన అనుమానాన్ని పక్కనే రాసిపెట్టే అంకె నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఆ కోపంలో రెండేళ్లు ఎస్‌ఏఐపీఈ అంచనాలే (చిన్న ప్రాంతాల ఆదాయం, పేదరికం మీద సెన్సస్ వాళ్లే ఇచ్చే ఇంకో లెక్క) గొప్పవని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ప్రతి చిన్న కౌంటీకీ ఏడాదికో అంకె, 1997 నుంచి ఏటా. ఏం కావాలి ఇంకా? ఇప్పటికీ వాడతాను, కానీ అంత గట్టిగా చెప్పను. సర్వేకి పన్ను రిటర్నులు, ఫుడ్ స్టాంపుల లెక్కలు కలిపి మోడల్ వేస్తారు. సర్వేలో దొరికిన ఇళ్లు తక్కువైన కొద్దీ మోడల్ మాటే ఎక్కువ చెల్లుతుంది. మా రైతులు కొత్త కంబైన్ (కోత మిషన్) కొన్న ఏడాది తరుగుదల చూపిస్తే రిటర్నులో ఆదాయం కరిగిపోతుంది. ఇంటి ముందు మిషన్ మెరుస్తూనే ఉంటుంది. దాన్ని మోడల్ ఎంతవరకు పట్టుకుంటుందో అని నాకు అనుమానం. పైగా 2005 నుంచి దాని పునాది సర్వే మారింది, కాబట్టి 2004ని, 2005ని కలిపి ఒకే గీత గీస్తే నా స్లైడ్ కథే మళ్లీ.

మీ కౌంటీ పెద్దదైతే ఈ గొడవ మీకు లేదు, ఏడాది అంకె తీసుకోండి. గ్రాంట్ ఇచ్చేవాళ్లు ఫలానా ఐదేళ్ల అంకే కావాలంటే అదే రాయాలి, నేనూ అదే రాస్తున్నాను. పోకడ చూడ్డానికి మాత్రం, మా లాంటి చోట, 2006-2010, 2011-2015, 2016-2020 అని విడివిడి ముక్కలే పెడతాను. ఆఖరి దానిలో కరోనా ఏడాది ఉంది, అది వేరే బెంగ.

మొన్న బోర్డుకి తీసుకెళ్లిన బొమ్మలో మూడే చుక్కలు. ఒక్కోదానికీ పైకీ కిందికీ ప్లస్-మైనస్ గీతల మీసాలు. పెద్దాయన చాలాసేపు చూసి, మీసాలు మరీ పొడుగ్గా ఉన్నాయన్నారు. ఈసారి ఆయన కళ్లద్దాలు తియ్యలేదు.