కొత్త బోర్డుపై విండోస్ 7: ఏడేళ్లు వాడాక

తిరుపతి గాంధీ రోడ్డుకు దగ్గరలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, గంగమ్మ జాతర రోజుల్లో పోస్టర్లు చేస్తాం. పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతోనే. 2018 వేసవిలో ఉరుములు, పిడుగులతో వాన కురిసిన ఒక రాత్రి పాత కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. అలాంటి బోర్డు మళ్లీ దొరకలేదు. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, బి250 బోర్డు కొని, దానిమీద విండోస్ 7 వేశాను. నేటికీ షాపు ఆ యంత్రం మీదే నడుస్తోంది.

విండోస్ 10 వేసుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. ట్రేసింగ్ కాగితం మీద ప్రింట్ తీసే నా ఏ3 లేజర్ ప్రింటర్‌కు విండోస్ 10 డ్రైవర్ (పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) లేదు. అంతకన్నా పెద్ద కారణం పాత ఫైళ్లు. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 2001 నాటిది, దానికి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే నేటి పద్ధతి) తెలియదు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు వెళ్దామని, ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి చూశాను. ‘లక్ష్మి’లో మకారం వత్తు ఎగిరిపోయింది. పెళ్లి పత్రికలో పెళ్లికూతురి పేరు తప్పు పడితే ఆ ఇంటివాళ్ల ముఖం ఎలా చూడాలి?

అసలు కష్టమంతా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే. డిస్కు పెట్టాను, ఫైళ్లు లోడయ్యాయి, భాష ఎంచుకోమనే తెర వచ్చింది. సరిగ్గా అక్కడే కీబోర్డు మీద నమ్ లాక్ దీపం ఆరిపోయింది. మౌస్ బాణం కదలలేదు. అంతకు నిమిషం ముందు బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) అదే కీబోర్డు చక్కగా పనిచేసింది. ఒక పూటంతా పోర్టులు మార్చి మార్చి చూశాక విషయం తెలిసింది. ఇంటెల్ ఆరో తరం నుంచి చిప్‌సెట్లలో పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ లేదు, పోర్టులన్నీ యూఎస్‌బీ 3 కంట్రోలర్ కిందే ఉంటాయి. 2009లో వచ్చిన విండోస్ 7 డిస్కులో దానికి డ్రైవర్ లేదు.

అటక మీది పాత పీఎస్/2 (యూఎస్‌బీకి ముందు కాలం నాటి పోర్టు) కీబోర్డు నన్ను ఆదుకుంది. బోర్డు వెనకాల ఉన్న గుండ్రటి పోర్టుకు దాన్ని తగిలించి, ట్యాబ్, ఎంటర్ మీటలతోనే ఇన్‌స్టాలేషన్ పూర్తిచేశాను. యూఎస్‌బీ డ్రైవర్లను పెన్‌డ్రైవులో తెచ్చినా లాభం లేదు, ఆ పోర్టులే పనిచేయవు. వాటిని ఇంకో కంప్యూటర్‌లో డీవీడీ మీదకు ఎక్కించి తెచ్చాను. బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని రక్షణ) ఆపి, పాత పద్ధతిలో బూట్ చేయనిచ్చే సీఎస్ఎంను ఆన్‌లో ఉంచాలి. లేకపోతే విండోస్ గుర్తు దగ్గరే ఆగిపోతుంది.

ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌కు ఇంటెల్ విండోస్ 7 డ్రైవర్ ఇవ్వలేదు. తెర మీద అక్షరాలు సాగి కనిపించేవి, శుభలేఖ అంచులు కొలవడం కుదిరేది కాదు. జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు వేశాక ఆ బాధ తీరింది. తర్వాత ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన కొత్త రకం) డిస్కు కూడా ప్రయత్నించాను. దానికి విడిగా అప్‌డేట్ ప్యాచ్ ఎక్కించాలి. అంత శ్రమ అనవసరం, మామూలు సాటా కేబుల్‌తో తగిలించే ఎస్‌ఎస్‌డీ డిస్కు చాలు.

వాడకంలో మాత్రం బంగారం. పేజ్‌మేకర్ ఎప్పుడో గాని నిలిచిపోలేదు. మాఘమాసంలో ఒకే రోజు పదిహేను శుభలేఖలు తీసినా యంత్రం తడబడలేదు. మొన్న చంద్రగిరి నుంచి ఒక పెద్దాయన వచ్చి, పసుపు మరకలున్న పాత పత్రిక నా ముందు పెట్టారు. “పెద్దమ్మాయి పత్రికలో ఉన్నట్టే చిన్నమ్మాయిదీ వేయించు నాయనా” అన్నారు. 2011 నాటి ఫైలు తెరిచాను. అక్షరం కదలకుండా, పొల్లు చెదరకుండా వచ్చింది. పేర్లు, ముహూర్తం మార్చి అరగంటలో ప్రూఫ్ ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని గోత్రం దగ్గర వేలుపెట్టి చదువుతుంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పడిన అవస్థ మర్చిపోయాను.

లోపం కూడా చెప్పాలి, ఇది చిన్నది కాదు. ఏడో తరం ప్రాసెసర్ మీద విండోస్ 7 అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2017లోనే ఆపేసింది. 2020 జనవరి 14తో విండోస్ 7కు సాధారణ మద్దతు కూడా ముగిసింది. విండోస్ 7లో క్రోమ్ బ్రౌజర్ కూడా 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. అందుకే ఈ యంత్రానికి ఇంటర్నెట్ తీగ పెట్టనివ్వను. వాట్సాప్, మెయిల్ పక్కనున్న వేరే కంప్యూటర్‌లో చూస్తాం. ఫైళ్లు మోసే పెన్‌డ్రైవు ఒకటే, అది షాపు దాటి పోదు. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవు ఎంత తొందరైనా ఇక్కడ పెట్టను. బ్యాంకు పనులు చేసే యంత్రంలో విండోస్ 7 వేయమని ఎవరికీ చెప్పను.

నాలాగా పాత ఫాంట్ల ఫైళ్లున్నవారు ఈ దారిలో వెళ్లాలనుకుంటే ఏడో తరం దాటవద్దు. కొనేముందు బోర్డు వెనక పీఎస్/2 పోర్టు ఉందో లేదో కళ్లారా చూడండి. అంతా సర్దుకున్నాక డిస్కు మొత్తానికి నకలు తీసి దాచండి. నేను రెండు తీశాను. పోయిన నెలలో అదే రకం బోర్డు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అదీ కొని, పాత కీబోర్డుతో పాటు బీరువాలో పెట్టాను.