నైట్ పిక్చర్ సూపర్, పాస్‌వర్డ్ మాత్రం ఊరందరిదీ

ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల మేత గోడౌన్‌కి ఎనిమిది కెమెరాల సెట్టు పెట్టించాం, నెల్లూరులో ఒక షాపు వాళ్ళు ఫిట్ చేసినారు, బ్రాండ్ ఏందంటారా, డబ్బా మీద ఒక పేరు, డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా) ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఇంకో పేరు. హార్డ్ డిస్కుతో కలిపి ఇరవై వేల లోపే అయింది. పిక్చర్‌కి వంక పెట్టేదానికి లేదు, రాత్రిపూట కూడా బస్తా మీద మేత నంబరు చదవొచ్చు. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టినాయి గానీ లోపలికి చెమ్మ పోలా. వైర్లు పైపుల్లోనే లాగినారు, వచ్చిన పిలకాయలు మర్యాదస్తులే.

గొడవంతా నెట్‌తోనే. ఫోన్లో ఎక్కడినుంచైనా కనపడాలంటే స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రస్) కావాలన్నారు, తీసుకున్నాం. రౌటర్‌లో డీవీఆర్ పోర్టులన్నీ, అంటే నెట్‌లోంచి దాంట్లోకి పోయే తలుపులన్నీ, బయటికి తెరిచేసి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అట్నే ఉంచేసి పోయినారు. "మార్చవా తమ్ముడూ" అంటే "మారిస్తే మీరు మర్చిపోతారన్నా, మళ్ళా మేమే రావాల" అన్నాడు!

కొన్నాళ్ళకి బిల్లులు కొట్టే కంప్యూటర్లో నెట్ పాకడం మొదలుపెట్టింది. రాత్రి షట్టర్ దించేటప్పుడు చూస్తే ఎవరూ ఏం వాడకపోయినా రౌటర్ లైటు టకటకా కొట్టుకుంటానే ఉండాది. విచిత్రం ఏందంటే కరెంటు పోయొచ్చినాక కొంచేపు నెట్ బ్రహ్మాండంగా ఉంటది, టీ తాగొచ్చే లోపల మళ్ళా మామూలే. షాపుకి ఫోన్ చేస్తే నెట్ వాళ్ళని అడగమంటారు, నెట్ వాళ్ళేమో మీ లైన్లోంచే బయటికి డేటా విపరీతంగా పోతా ఉండాది, మాకేం సంబంధం అంటారు.

చివరికి కావలి నుంచి నెట్‌వర్కింగ్ పని తెలిసినబ్బాయిని పిలిపిస్తే, వచ్చీరాగానే డీవీఆర్ నెట్ కేబుల్ పీకినాడు, లైటు నెమ్మదించింది. మిరాయ్ అనే వైరస్ జాతిదేదో దూరుంటదన్నా అన్నాడు. ఈ మిరాయ్ 2016లో బయటపడిన సరుకు. టెల్‌నెట్ (దూరం నుంచి డబ్బాలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి) పోర్టులు 23, 2323 తెరిచున్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్ల కోసం నెట్ అంతా వెతుకుతా, దొరికిన దాని మీద ఓ అరవై చిల్లర కంపెనీ పాస్‌వర్డ్‌లు వేసి చూస్తది, ఒకటి తగిలితే లోపలికి దూరి, ఇంకో దొంగ రాకుండా ఇంట్లోంచి గడి పెట్టుకున్నట్టు ఆ పోర్టు మూసేసుకుంటది కూడా. అట్టా పోగేసిన డబ్బాలతో 2016 అక్టోబర్ 21న అమెరికాలో డైన్ (Dyn) అనే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి నెట్ అడ్రస్ చూపించే) కంపెనీ మీద ఒక్కసారిగా డేటా గుప్పిస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే చాలామందికి తెరుచుకోలా. రాసిందేమో పరాస్ ఝా, జోసయా వైట్, డాల్టన్ నార్మన్ అని ముగ్గురు కుర్రోళ్ళు, మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్ల పోటీలో మొదలైన గొడవంట, 2017లో నేరం ఒప్పుకున్నారు. కానీ అంతకు ముందే కోడ్ నెట్‌లో పడేసినారు కదా, దాని పిల్లలు ఇంకా తిరగతానే ఉండాయి.

కరెంటు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఆ వైరస్ మెమరీలోనే ఉంటది, డిస్కులో కూర్చోదు, పవర్ పోతే పోతది. తలుపు తెరిచే ఉంది, పాస్‌వర్డ్ అదే, నిమిషాల్లో మళ్ళా వస్తది.

ఇంకో తిరకాసు, ఇట్టాంటి చవక డీవీఆర్‌లు కొన్నిట్లో మనం స్క్రీన్ మీద మార్చే పాస్‌వర్డ్ వేరు, లోపల టెల్‌నెట్‌కి కంపెనీ వాడు పాతిపెట్టిన పాస్‌వర్డ్ వేరు, అది మనకి మారదు. ఫర్మ్‌వేర్ (డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేద్దామంటే ఈ రెండు పేర్ల బ్రాండ్‌కి వెబ్‌సైటే లేదు. అందుకని ఆ అబ్బాయి పాస్‌వర్డ్ మార్చి, పోర్టులన్నీ మూసేసి, యూపీఎన్‌పీ (డబ్బాలు వాటంతటవే రౌటర్‌లో పోర్టులు తెరిపించుకునే ఏర్పాటు) ఆపేసి, రౌటర్‌లోనే వీపీఎన్ (బయటినుంచి మన నెట్‌లోకి తాళం వేసిన దారి) పెట్టిచ్చినాడు. ఇప్పుడు కెమెరా చూడాలంటే ముందు ఫోన్లో వీపీఎన్ ఆన్ చేయాల, మా బామ్మర్ది రోజూ సణుగుతాడు గానీ నెట్ మాత్రం పరిగెత్తతా ఉండాది.

2025 ఏప్రిల్ నుంచి కొత్త సీసీ కెమెరాలకి సెక్యూరిటీ టెస్టు తప్పనిసరి చేసింది సెంట్రల్ గవర్నమెంట్, కొనేటప్పుడు ఎస్‌టీక్యూసీ (సెంట్రల్ గవర్నమెంట్ టెస్టింగ్ సంస్థ) సర్టిఫికెట్ ఉందా అని అడగండి, పాత స్టాకు అంటగడతారు.

కెమెరాకి నాలుగు స్టార్లు, ఫిట్టింగ్‌కి నాలుగు, నెట్ సెట్టింగ్‌కి సున్నా. షాపాయనకి చెప్తే "మీ వీడియోలేం పోలేదు గదన్నా" అని నవ్వినాడు. రెండో గోడౌన్‌కి కెమెరాలు ఆయన దగ్గరే తీసుకుంటా, రేటు అట్టాంటిది, రౌటర్ జోలికి మాత్రం రానియ్యను.