అక్వేరియంలో అటూ ఇటూ మారే ధార: ఏ పద్ధతి మేలు?

పగడాలున్న ఉప్పునీటి అక్వేరియంలో ఒకే పంపు రోజంతా ఒకే వైపు నుంచి కొడుతుంటే, ధార సూటిగా తగిలే చోట పగడం మీది మెత్తటి పొర ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంది. రాళ్ల వెనకేమో నీరు కదలక మడ్డి పేరుకుంటుంది. అందుకే ధార దిశ మారుతుండాలి.

చవకైన దారి రెండు మామూలు ఏసీ పంపులు, అంటే ఇంటి కరెంటుతో నేరుగా నడిచేవి. వాటిని ఎదురెదురుగా పెట్టి, టైమర్లతో వంతులవారీగా నడపాలి. ఇక్కడ చాలామంది అల రావాలని వాటిని కొన్ని సెకన్లకోసారి ఆపి, వేస్తుంటారు. నాకది అస్సలు నచ్చదు. ఏసీ పంపు మొదలైన ప్రతిసారీ ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) టకటకమని కొట్టుకుంటుంది, ఒక్కోసారి తిరగకుండా మొరాయిస్తుంది. ఇలా వాడితే త్వరగా అరిగిపోతుంది కూడా. గంటల లెక్కన మారిస్తే ఈ బాధ ఉండదు. సముద్రంలోనూ చాలాచోట్ల పోటుకూ ఆటుకూ మధ్య సుమారు 6 గంటలు పడుతుంది. పగడాలకు ఆ మార్పు చాలు.

నిజంగా అలే కావాలంటే కంట్రోలర్ (వేగాన్ని మార్చే పరికరం) ఉన్న డీసీ పంపులు తీసుకోండి. వీటిలో వేగం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఒకటి జోరందుకునేటప్పుడు రెండోది తగ్గేలా పెట్టుకోవచ్చు, ఏదీ పూర్తిగా ఆగక్కర్లేదు. చప్పుడు తక్కువ, రాత్రికి జోరు తగ్గించుకోవచ్చు. ఖర్చు మాత్రం ఎక్కువే. రెండూ ఒకే కంట్రోలర్ మీద ఉంటే అది పాడైన రోజు రెండూ ఆగిపోతాయి, అదొక టెన్షన్.

ఒకే పంపు నీటిని రెండు గొట్టాలకు మార్చిమార్చి పంపే వాల్వులూ ఉన్నాయి. నీటి ఒత్తిడితోనే తిరుగుతాయి, కరెంటు అక్కర్లేదు. కానీ ధార బలం తగ్గుతుంది, లోపల సున్నం పట్టి ఇరుక్కుంటాయి. అక్వేరియం నిపుణుడు బ్రూస్ కార్ల్‌సన్ పేరు మీదున్న సర్జ్ పద్ధతిలో పైతొట్టి నిండగానే సైఫన్ (నీటిని తనంతట తానే కిందికి లాగే వంపు గొట్టం) నీళ్లన్నీ ఒక్కసారిగా వదులుతుంది. పగడాలకు అంత మంచి ఊపు మరెందులోనూ రాదు. కానీ ఆ హోరు, బుడగలు, ఉప్పు తుంపర్లు ఇంట్లో భరించడం కష్టం.

డబ్బు పెట్టగలిగితే డీసీ పంపులే నా ఓటు. లేదంటే ఏసీ పంపులు, టైమర్లు నిశ్చింతగా వాడండి. దేనితో నడిపినా ఒక ధార నీటి పైభాగాన్ని కదిలించాలి, ఆక్సిజన్ అందేది అక్కడే. ఫిల్టర్ పంపును మాత్రం ఏ టైమర్‌కీ తగిలించొద్దు. నీరు గంటలకొద్దీ ఆగితే అందులోని మంచి బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది.