ఎదురుచూపు లేకుండా చూసిన ‘లాస్ట్’

అమెరికాలోని ఏబీసీ ఛానెల్‌లో ‘లాస్ట్’ ధారావాహిక 2004 సెప్టెంబర్ 22న మొదలై 2010 మే 23న ముగిసింది. మొత్తం ఆరు సీజన్లు, 121 ఎపిసోడ్లు. ప్రసారమవుతున్న రోజుల్లో దాన్ని అనుసరించినవారు వారానికొక భాగం చొప్పున, సీజన్‌కూ సీజన్‌కూ మధ్య నెలల తరబడి ఆగుతూ ఆరేళ్ల పాటు చూశారు. నేను అది ముగిసిన చాలా ఏళ్లకు మొదలుపెట్టి పూర్తిచేశాను. కొంతకాలం గడిచాక మళ్లీ మొదటినుంచి చివరిదాకా చూశాను. ఈ సమీక్షకు ఆ రెండు వీక్షణలే ఆధారం. ఇప్పుడు మొదలుపెట్టబోయేవారిని మనసులో ఉంచుకుని ముఖ్యమైన మలుపులను బయటపెట్టకుండా రాస్తున్నాను. ముగింపు గురించి మాత్రం ఒక విషయం చెప్పక తప్పదు. ఎందుకో ఆ సందర్భంలోనే వివరిస్తాను.

సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్‌కు బయలుదేరిన ఓషియానిక్ 815 విమానం గాలిలోనే ముక్కలై, పసిఫిక్ మహాసముద్రంలో ఎవరికీ తెలియని ఒక ద్వీపం మీద కూలిపోతుంది. విమానం నడిమి భాగంలో కూర్చున్నవారిలో 48 మంది ప్రాణాలతో మిగులుతారు. మొదటి ఎపిసోడ్ వెదురు పొదల మధ్య కన్ను తెరిచే ఒక మనిషితో ఆరంభమవుతుంది. అతను లేచి పరుగెత్తుకుంటూ ఇసుక తీరానికి చేరేసరికి ఇంకా తిరుగుతూనే ఉన్న ఇంజను, కాలుతున్న శకలాలు, సాయం కోసం అరుస్తున్న మనుషులు ఒక్కసారిగా మన కళ్లముందుకు వస్తాయి. ఈ దృశ్యాన్ని హవాయిలోని ఒవాహు ద్వీపంలో, సేవల నుంచి తప్పించిన నిజమైన లాక్‌హీడ్ ఎల్-1011 విమానపు భాగాలను తీరంలో పరిచి చిత్రీకరించారు. ఇన్నేళ్ల తర్వాత చూసినా ఆ తొలి నిమిషాలు ఏమాత్రం పాతబడలేదు. గ్రాఫిక్స్‌తో సృష్టించినవి మాత్రం, ముఖ్యంగా అడవిలో ఎదురయ్యే ధ్రువపు ఎలుగుబంటి, తమ వయసును దాచుకోలేకపోయాయి.

ద్వీపంలో అంతుబట్టనివి చాలా ఉన్నాయి కాబట్టి దీన్ని అందరూ మిస్టరీ కథగానే పరిచయం చేస్తారు. అయితే నన్ను పట్టి నిలిపింది కథను చెప్పిన పద్ధతి. మొదటి సీజన్లలో ప్రతి ఎపిసోడూ ప్రధానంగా ఒక్క మనిషికి చెందుతుంది. ద్వీపంలో ఆ రోజు జరుగుతున్నదానికీ, విమానం ఎక్కకముందు ఆ మనిషి జీవితంలో జరిగినదానికీ మధ్య కథనం ముందుకూ వెనక్కూ కదులుతుంది. కొరియా దంపతులు సన్, జిన్‌ల కథ ఇందుకు మంచి ఉదాహరణ. తొలి ఎపిసోడ్లలో జిన్ భార్యను అదుపులో పెట్టే కఠినమైన భర్తగానే కనిపిస్తాడు. ఒక రాత్రి అతను చేతులకు రక్తంతో ఇంటికి రావడాన్ని సన్ ఎపిసోడ్‌లో ఆమె కళ్లతో చూస్తాం. చాలా ఎపిసోడ్ల తర్వాత అదే రాత్రిని జిన్ వైపు నుంచి చూపిస్తారు. జరిగిన సంఘటన మారదు, కానీ అంతవరకు ఆ మనిషి గురించి మనం ఏర్పరచుకున్న అభిప్రాయం అంతా తలకిందులవుతుంది. వీరిద్దరూ తమలో తాము కొరియన్‌లోనే మాట్లాడుకుంటారు, సంభాషణకు సబ్‌టైటిళ్లు వస్తాయి. అమెరికా టెలివిజన్‌లో అత్యధికులు చూసే సమయంలో 2004లో ఇది సాధారణమైన విషయం కాదు. అమెరికా ఇరాక్‌పై దండెత్తిన మరుసటి ఏడాదే, ఇరాక్ సైన్యంలో పనిచేసిన సయీద్ అనే పాత్రను కథానాయకులలో ఒకరిగా నిలపడం కూడా ఆ కోవలోనిదే. నవీన్ ఆండ్రూస్ ఆ పాత్రకు ఇచ్చిన గాంభీర్యం రెండోసారి చూసినప్పుడు నాకు ఇంకా బాగా అందింది.

ఇక ఆలస్యంగా చూడడం వల్ల కలిగే అసలు తేడా గురించి. మొదటి సీజన్ చివర ఒక లోతైన బావిలాంటి మార్గం తెరుచుకుంటుంది. కెమెరా లోపలికి దిగుతుండగా సీజన్ ముగుస్తుంది. 2005 మేలో ఆ దృశ్యం చూసినవారు అడుగున ఏముందో తెలుసుకోవడానికి సెప్టెంబర్ దాకా ఆగారు. ఆ నాలుగు నెలల్లో ఎన్నో సిద్ధాంతాలు పుట్టాయి. కథలో పదేపదే ఎదురయ్యే 4, 8, 15, 16, 23, 42 అన్న అంకెల వరుసకు అర్థాలు వెతికారు; తెర మీద క్షణకాలం కనిపించిన పటాలను ఆపి, పెద్దది చేసి చదివారు. నిర్మాణ బాధ్యతలు చూసిన డేమన్ లిండెలాఫ్, కార్ల్‌టన్ క్యూస్ స్వయంగా పాడ్‌కాస్ట్‌లో ప్రేక్షకుల ప్రశ్నలను చర్చించేవారు. 2006లో ఇంటర్నెట్ మీద ఆధారాలు వెతుకుతూ సాగే ఒక ఆటను కూడా నడిపారు. ఆ ఊహాగానాల సందడి ధారావాహికలో ఒక భాగమే, బహుశా పెద్ద భాగమే. అది ఇప్పుడు కొత్తగా చూసేవారికి దొరకదు. నాకు ఆ బావి అడుగు కనిపించడానికి ఒక్క మీట నొక్కడం సరిపోయింది.

అందువల్ల నాలో ప్రశ్నలకు అంత బరువు చేరలేదు. నెలలు ఎదురుచూసి సమాధానం పొందిన ప్రేక్షకుడు ఆ సమాధానం తన ఎదురుచూపుకు తగినంత గొప్పగా ఉండాలని ఆశించడం సహజం. ఎంత తెలివైన సమాధానమైనా అక్కడ చిన్నదిగానే అనిపిస్తుంది. వెంటవెంటనే చూసినప్పుడు ప్రశ్నలు వేరే పని చేస్తున్నాయని తెలుస్తుంది. రెండో సీజన్ ఆరంభంలోనే తెలిసే సంగతి కనుక ఒకటి చెబుతాను: భూగర్భంలోని ఒక గదిలో ఉన్న కంప్యూటర్‌లో ప్రతి 108 నిమిషాలకు ఆ ఆరు అంకెలనూ కొట్టాలి. వాటి మొత్తం కూడా 108. కొట్టకపోతే ఏమవుతుందన్నది మిస్టరీ. ప్రాణాలతో మిగిలినవారిలో ఒకడైన జాన్ లాక్ మాత్రం దాన్ని మిస్టరీగా చూడడు; తన జీవితానికి ఒక ప్రయోజనం దొరికిందన్న నమ్మకంతో ఆ అంకెలు కొట్టే పనిని పట్టుకుంటాడు. వైద్యుడైన జాక్ అదంతా ఎవరో చేసిన మోసమని కొట్టిపారేస్తాడు, అయినా వదిలిపెట్టి వెళ్లలేడు. ఆ గది లేకపోతే వీరిద్దరి స్వభావాలూ ఇంత స్పష్టంగా ఎదురెదురు నిలిచేవి కావు. యంత్రం వెనుక ఏముందన్న కుతూహలం నాకు రెండోసారి చూసేటప్పటికి మిగలలేదు, కానీ ఆ గదిలోని దృశ్యాలన్నింటినీ మొదటిసారికంటే ఎక్కువ శ్రద్ధతో చూశాను.

మూడో సీజన్ మొదటి సగం ఈ ధారావాహికలో అన్నిటికంటే బలహీనమైన భాగం, దీన్ని మధ్యలో వదిలేసేవారిలో చాలామంది అక్కడే వదిలేస్తారనిపిస్తుంది. ముఖ్యపాత్రలు బోనుల్లో బందీలై ఉంటారు, కథ కదలదు, ఫ్లాష్‌బ్యాక్‌లు కొత్త విషయమేమీ చెప్పవు. జాక్ ఒంటి మీది పచ్చబొట్ల వెనుక కథ కోసం ఒక మొత్తం ఎపిసోడ్ ఖర్చుపెట్టారు. దాని బలహీనతను తర్వాత నిర్మాతలే బహిరంగంగా అంగీకరించారు. ఈ నీరసానికి కారణం ప్రసార వ్యవస్థలో ఉంది. ఆదరణ ఉన్నంతకాలం ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్ల చొప్పున కొనసాగించడమే అమెరికా ఛానెళ్ల ఆనవాయితీ కనుక, ఎప్పుడు ముగించాలో తెలియని రచయితలు సమాధానాల వైపు అడుగు వేయలేక ఉన్నచోటే తిరగవలసి వచ్చింది. పైగా ఆ సీజన్‌లో ఆరు ఎపిసోడ్లు 2006 శరదృతువులో చూపించి, మిగతావాటిని 2007 ఫిబ్రవరి దాకా ఆపారు. ఆ బోనుల కథతోనే మూడు నెలలు గడపవలసి వచ్చిన ప్రేక్షకుల అసహనాన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. ఆలస్యంగా చూడడంలో నిస్సందేహంగా లాభం కలిగే చోటు ఇదే.

2007 మేలో ఏబీసీ ఒక అసాధారణమైన నిర్ణయం ప్రకటించింది: ఇంకా 48 ఎపిసోడ్లతో, మూడు చిన్న సీజన్లుగా, 2010లో కథ ముగుస్తుంది. ఆ తర్వాత నడకలో వచ్చిన మార్పు ఏకబిగిన చూసేవారికి అతుకు కనిపించినంత స్పష్టంగా తెలుస్తుంది. మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ అంతవరకు మనకు అలవాటు చేసిన కథన పద్ధతినే ఆయుధంగా మార్చుకుని మనల్ని నివ్వెరపరుస్తుంది. నాలుగో సీజన్ రచయితల సమ్మె వల్ల 14 ఎపిసోడ్లకు కుదించుకుపోయినా, ఆ కుదింపు దానికి మేలే చేసిందని నా అభిప్రాయం. అందులో డెస్మండ్ అనే పాత్ర చుట్టూ తిరిగే ‘ది కాన్‌స్టెంట్’ అనే ఎపిసోడ్ ఉంది. కాలంలో పట్టు తప్పిపోతున్న ఒక మనిషి ఒక్క ఫోన్ సంభాషణ కోసం పడే తపనే దాని కథ. టెలివిజన్‌లో నేను చూసిన ఉత్తమమైన గంట అదే. దాన్ని విడిగా తీసి చూడాలని ఎవరూ ప్రయత్నించవద్దు; ముందు జరిగిన కథ తెలియకపోతే ఆ ఫోన్ మోత మనసును తాకదు.

నటనలో ఇద్దరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జాన్ లాక్‌గా టెరీ ఓక్విన్ 2007లో, బెంజమిన్ లైనస్‌గా మైకేల్ ఎమర్సన్ 2009లో ఎమ్మీ పురస్కారాలు అందుకున్నారు. ఎమర్సన్‌ను మొదట కొద్ది ఎపిసోడ్ల అతిథి పాత్ర కోసమే తీసుకున్నారు. కళ్లు పెద్దవి చేసి, గొంతు పెంచకుండా, అబద్ధాన్నీ నిజాన్నీ ఒకే స్వరంలో పలికే అతని తీరు చూశాక ఆ పాత్ర చివరిదాకా ఎందుకు నిలిచిందో అడగనక్కరలేదు. మైకేల్ జియాకినో సంగీతం కూడా అంతటి పాత్రే పోషించింది. ప్రతి ఎపిసోడ్‌కూ నిజమైన వాద్యబృందంతో రికార్డు చేసిన ఆ సంగీతంలో విమాన శకలాలను తాళవాద్యాలుగా వాడారు. ప్రకటనల విరామానికి ముందు ట్రాంబోన్‌లనే ఊదే వాద్యాలు కిందికి జారుతూ మూలిగే ధ్వని, ప్రకటనలు లేకుండా చూసేవారికి కూడా ఊపిరి బిగపట్టేలా చేస్తుంది. మరణాల సందర్భాల్లో వినిపించే పియానో వరస మాత్రం ఇన్నిసార్లు విన్నా నన్ను వదలలేదు.

లోపాలు చిన్నవి కావు. కేట్ పాత్రను ధైర్యశాలిగా పరిచయం చేసి, తర్వాత ఇద్దరు పురుషుల మధ్య ఊగిసలాటకే ఆమె సమయాన్ని వెచ్చించారు. వాల్ట్ అనే బాలుడి చుట్టూ మొదటి సీజన్‌లో అల్లిన రహస్యం దాదాపు గాలిలో కలిసిపోయింది. కథలో వారాలు గడిచేసరికి బాలనటుడు ఏళ్లు ఎదగడం అందుకు ఒక కారణం కావచ్చు. అయితే వాల్ట్, అతని తండ్రి మైకేల్ పాత్రలను పక్కకు నెట్టిన తీరు గురించి ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. ఈ ధారావాహిక రచనా బృందంలో జాతి వివక్షతో కూడిన విషపూరిత వాతావరణం ఉండేదని అక్కడ పనిచేసినవారు చెప్పిన మాటలు 2023లో వెలుగులోకి వచ్చాయి. మైకేల్‌గా నటించిన హెరాల్డ్ పెరినో తన అనుభవాన్ని బహిరంగంగా చెప్పారు, నాయకుడిగా తాను విఫలమయ్యానని లిండెలాఫ్ అంగీకరించారు. అది తెలిశాక ఆ పాత్రల వీడ్కోలు దృశ్యాలను నేను మునుపటిలా చూడలేకపోతున్నాను. దీన్ని మెచ్చుకునేవారే ఈ సంగతిని ముందుగా చెప్పాలి.

ముగింపు విషయానికి వస్తాను. ఈ ధారావాహిక పేరెత్తగానే చూడనివారు సైతం ‘వాళ్లంతా మొదట్లోనే చనిపోయారట కదా’ అంటారు. అది నిజం కాదు. ద్వీపంలో జరిగినదంతా నిజంగానే జరిగిందనీ, కొందరు ముందు, కొందరు చాలా కాలం తర్వాత మరణించారనీ చివరి ఎపిసోడ్‌లో ఒక పాత్ర నోట సూటిగా చెప్పించారు. చివరి సీజన్‌లో సమాంతరంగా సాగే రెండో కథ ఏమిటన్నదే ముగింపు తేల్చే విషయం. ఈ అపార్థానికి ఏబీసీ కూడా కొంత కారణమైంది: ఆఖరి దృశ్యం తర్వాత పేర్లు వచ్చేటప్పుడు నిర్జనమైన తీరంలో పడి ఉన్న విమాన శకలాల దృశ్యాలను ఛానెల్ జోడించింది; మనుషుల జాడ లేని ఆ దృశ్యాలను చాలామంది కథలో భాగమనుకున్నారు. ఎంతోమంది ఈ ఒక్క మాట విని, ‘అయితే అంతా వృథానే’ అని మొదలుపెట్టకుండా ఊరుకుంటున్నారు. ముగింపులో ఏదీ బయటపెట్టనన్న నియమాన్ని ఇక్కడ సడలించింది అందుకే. చివరి సీజన్‌లో ఆలయం చుట్టూ తిరిగే ఎపిసోడ్లు సాగదీతే, ద్వీపం పుట్టుపూర్వోత్తరాలకు ఇచ్చిన వివరణ నన్ను తృప్తిపరచలేదు. కానీ చివరి ఎపిసోడ్‌లో మనుషులు ఒకరినొకరు గుర్తుపట్టే దృశ్యాలు మాత్రం అన్నేళ్ల కథకూ తగినవే.

మొదలుపెట్టేవారికి కొన్ని సూచనలు. తర్వాతి ఎపిసోడ్ దానంతట అదే మొదలయ్యే సదుపాయాన్ని ఆపేయండి. ప్రతి ఎపిసోడ్ చివర తెర నల్లబడి పేరు పడే క్షణం దగ్గర కాసేపు ఆగడానికే దీన్ని రాశారు. రోజుకు రెండు భాగాలకు మించి చూస్తే ఎవరి గతం ఎవరిదో కలగాపులగమవుతుంది. పాత్రల పేర్లను ఇంటర్నెట్‌లో వెతకవద్దు, మొదటి ఫలితంలోనే వారి మరణవార్త కనిపించే ప్రమాదముంది. నాలుగో ఎపిసోడ్ ‘వాకబౌట్’ దాకా చూసి, దాని చివరి దృశ్యం మిమ్మల్ని కదిలించకపోతే మిగతాది మీకోసం కాదని నిశ్చింతగా మానేయవచ్చు. మొత్తం చూసినవారికి, డీవీడీ సంచికతో విడుదల చేసిన ‘ది న్యూ మ్యాన్ ఇన్ చార్జ్’ అనే 12 నిమిషాల అనుబంధం ఒకటుంది. ద్వీపానికి ఆహారపు పెట్టెలు ఎలా వచ్చేవో, ఎలుగుబంట్లు అక్కడేం చేస్తున్నాయో అందులో నేరుగా చెప్పేస్తారు. అన్ని సమాధానాలు ఒకచోట అందించిన ఆ 12 నిమిషాలను నేను ఒక్కసారే చూశాను, మళ్లీ చూడాలనిపించలేదు.