బొమ్మల బ్రౌజరా, అక్షరాల బ్రౌజరా: ఏది మేలు?

మాది అచ్చంపేట దగ్గర పల్లె. నల్లమల వైపు పోయిన కొద్దీ సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతుంది. డిగ్రీ చదివే మా అల్లుడు పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "మామా, రెండు జీబీ ర్యామే ఉంది. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే బిగుసుకుపోతుంది. లింక్స్ వేసుకోనా?" అన్నాడు.

లింక్స్ (Lynx) అంటే అక్షరాలు మాత్రమే చూపించే బ్రౌజర్. 1992లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. బొమ్మలతో వెబ్‌ను జనంలోకి తెచ్చిన మొజాయిక్ 1993లో వచ్చింది, అంటే లింక్స్ దానికంటే వయసులో పెద్దది. మౌస్ అక్కర్లేదు. పైకి, కిందికి బాణాలతో లింకుల మీద నడుస్తాం, కుడి బాణం నొక్కితే పేజీ తెరుచుకుంటుంది, ఎడమది వెనక్కి తెస్తుంది. బొమ్మలు, వీడియోలు దించుకోదు, జావాస్క్రిప్ట్ నడపదు. అందుకే అంత తేలిక.

మరి తెలుగు? వికీపీడియాలో శ్రీశైలం పేజీ తెరిచి చూశాం. 'కృష్ణా'లో ణ వత్తు ష కింద కూర్చోలేదు. ష ఒక చోట, ణ ఒక చోట. లింక్స్ నడిచేది టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్లటి తెరలో. అది అక్షరాలను గడులలో పేరుస్తుంది, మన వత్తులు, గుణింతాలు ఆ గడుల్లో ఇమడవు. చాలా టెర్మినళ్లలో ఇదే గతి. రెండు లైన్లు చదివేసరికి కళ్లు నొప్పి పుట్టాయి. మనలాంటి వాళ్లకు నా లెక్కలో ఇదే అసలు అడ్డం.

ఇక స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్ లాంటి పనులంటారా, క్యాప్చా బొమ్మ అడిగిన చోట లింక్స్ ఆగిపోతుంది. టెన్షన్ పడి లాభం లేదు.

కాబట్టి రోజువారీ పనికి ఫైర్‌ఫాక్సే ఉంచుకొమ్మన్నాను. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ వేసి, పెద్ద బొమ్మలను ఆపే సెట్టింగ్ పెట్టాం. ప్రకటనలు పోయాయి, ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంది. పేజీలో అసలు వ్యాసాన్ని మాత్రమే చూపే రీడర్ వ్యూ కూడా చూపించాను. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ డేటా మిగులుతుందనుకోవద్దు, పేజీ దిగాకే అది పని చేస్తుంది.

అయినా లింక్స్‌ను తీసేయనివ్వలేదు. వాడు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకుంటున్నాడు. రేపు సర్వర్ ముందు కూర్చుంటే అక్కడ చాలాసార్లు ఆ నల్లటి తెర తప్ప ఏమీ ఉండదు. పైగా దాని డంప్ ఆదేశంతో ఇంగ్లిష్ పేజీని ఉత్త అక్షరాల ఫైలుగా దాచుకోవచ్చు. ఇప్పుడు అచ్చంపేటలో సిగ్నల్ ఉన్నప్పుడే పాఠాలు అట్లా దించుకొని, రాత్రి ఇంట్లో నెట్ లేకుండానే చదువుకుంటున్నాడు.